మాస్టొడాన్‌లో మూడేళ్లు: సర్వర్ మూతపడ్డాక తెలిసిన సంగతులు

2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారినప్పుడు మాస్టొడాన్‌కి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇదీ ట్విట్టర్ లాంటిదే, కానీ ఒకే కంపెనీ చేతిలో ఉండదు; వేర్వేరు వ్యక్తులు, సంస్థలు నడిపే సర్వర్లలో ఏదో ఒకదానిలో మనం ఖాతా తెరుస్తాం. నాతోపాటు వచ్చిన స్నేహితులు చాలామంది రెండు వారాలకే వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. ఇప్పుడు రోజూ తెరిచేది ఇదొక్కటే.

వాళ్లు ఎందుకు వెళ్లిపోయారో నాకు తెలుసు. అప్పట్లో ఖాతా తెరవబోతే ముందు ఏ సర్వర్ కావాలని అడిగేది. ఏదో ఒకటి నొక్కి లోపలికి వెళ్తే టైమ్‌లైన్ ఖాళీగా కనిపిస్తుంది. మనకేం చూపించాలో నిర్ణయించే అల్గారిదం లేదు. ఫాలో అయినవాళ్ల పోస్టులు వచ్చిన వరుసలోనే వస్తాయి, ఎవరినీ ఫాలో కాకపోతే ఏమీ రాదు. నన్ను గట్టెక్కించింది హ్యాష్‌ట్యాగులు. మనుషుల్లాగే వాటినీ ఫాలో కావచ్చు. పక్షులు, ఫొటోగ్రఫీ, లినక్స్ అని ఓ పది పెట్టుకున్నాక వారంలో టైమ్‌లైన్ నిండింది. ఇంకో సంగతి: ఇక్కడ ఇష్టమని నక్షత్రం నొక్కితే అది రాసినవాళ్లకు చేరుతుందే తప్ప పోస్టు ముందుకు వెళ్లదు. నలుగురికీ చేరాలంటే బూస్ట్ చేయాల్సిందే, అంటే మన ఫాలోవర్లకు తిరిగి పంచాల్సిందే. ఇది అర్థమయ్యాక నేను బూస్ట్ చేయడం బాగా పెంచాను.

సర్వర్ ఏదైతే ఏముంది, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కదా అనుకున్నాను. మాట్లాడుకునే మాట నిజమే. ఇలాంటి సర్వర్లు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి, 2018లో ప్రమాణంగా ఆమోదం పొందిన యాక్టివిటీపబ్ పుణ్యమా అని, ఫొటోల పిక్సెల్‌ఫెడ్‌లో ఉన్నవాళ్లనూ వీడియోల పీర్‌ట్యూబ్‌లో ఉన్నవాళ్లనూ నా మాస్టొడాన్ ఖాతా నుంచే ఫాలో అవుతున్నాను. కానీ ఆ సర్వర్‌ని ఎవరో ఒకరు నడపాలి. నా మొదటి సర్వర్‌ని ఒక్కరే నడిపేవారు. ఏడాది తిరక్కుండానే మూసేస్తున్నట్టు చెప్పారు.

ఖాతా మార్చుకునే వీలుంది, అది బాగానే పనిచేసింది. ఫాలోవర్లు దాదాపు అందరూ వాళ్లేమీ చేయకుండానే కొత్త చిరునామాకు వచ్చారు. నేను ఫాలో అయ్యేవాళ్ల జాబితాను మాత్రం ఫైలుగా దించుకుని కొత్తచోట ఎక్కించుకోవాల్సి వచ్చింది. పోస్టులు రావు. వాటి కాపీ దించుకోవచ్చు గానీ కొత్త ఖాతాలో ఎక్కించలేం. ఏడాది రాతలు అలా పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, మారుతున్నామన్న కబురు పాత సర్వర్ నుంచే వెళ్లాలి. అది చెప్పాపెట్టకుండా ఆగిపోతే ఫాలోవర్లు కూడా దక్కరు.

అందుకే కొత్తగా వచ్చేవాళ్లు మాస్టొడాన్ అధికారిక జాబితాలోని సర్వర్లనే ముందు చూడండి. అందులో చేరాలంటే రోజూ బ్యాకప్ తీస్తామని, ఆపదలో సర్వర్‌ని చూసుకోగల రెండో మనిషి ఉంటారని, మూసేయాల్సి వస్తే కనీసం మూడు నెలల ముందు చెబుతామని సర్వర్లు మాటివ్వాలి. ఆ సర్వర్ నియమాలు, ఖర్చులు ఎలా నడుస్తున్నాయో కూడా చదవండి. సర్వర్ పేరు అందంగా ఉందా లేదా అన్నది నిజంగా పట్టించుకోనక్కర్లేదు.

ప్రైవేటు సందేశాల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను: గుట్టుగా ఉండాల్సినవి ఇక్కడ రాయొద్దు. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా చేసే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ వాటికి లేదు, సర్వర్ నడిపే అడ్మిన్ చూడాలనుకుంటే చూడగలరు. పైగా ఆ సందేశంలో ఎవరి హ్యాండిల్ (@తో మొదలయ్యే ఖాతా పేరు) రాస్తే వాళ్లకూ అది వెళ్తుంది. ఒక స్నేహితురాలికి ఇవ్వబోయే కానుక గురించి ఇంకొకరితో మాట్లాడుతూ ఆమె హ్యాండిల్ రాశాను, ఆ మాట ఆమెకే చేరింది. పోస్టు తీసేసినా, వేరే సర్వర్లలో దాని కాపీ పోయిందన్న భరోసా లేదు.

ట్విట్టర్ లాంటిదే ఇంకొకటి, బ్లూస్కై కూడా 2024 నుంచి వాడుతున్నాను. మొదలుపెట్టడం అక్కడే తేలిక, సొంత డొమైన్‌నే హ్యాండిల్‌గా పెట్టుకోవచ్చు. అయినా పలకరింపులు, సంభాషణలు నాకు మాస్టొడాన్‌లోనే ఎక్కువ.

ఇప్పటి సర్వర్‌ని ముగ్గురు నడుపుతున్నారు. నెలనెలా నాకు చేతనైనంత పంపుతున్నాను. పంపిన రోజే ఫాలో జాబితా కూడా ఒకసారి దించుకుని పెట్టుకుంటున్నాను.