వరుస విందా, విడిగా తెప్పించుకోవడమా?

పెళ్లిరోజని మా బరంపురం నుంచి 170 కిలోమీటర్లు భువనేశ్వర్ వెళ్లి, వంటకాలన్నీ హోటల్ వాళ్లే నిర్ణయించి ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే తొమ్మిది వడ్డనల వరుస విందుకు కూర్చున్నాం. అరచేతిలో సగం లేని పీతమాంసం, దానిపై ఒకే ఒక్క వేయించిన కరివేపాకు. బావగారు కళ్లు మూసుకుని ఆస్వాదించారు. అత్తయ్యగారు మాత్రం “అన్నం ఎప్పుడు పెడతారు?” అని నాలుగుసార్లు అడిగారు.

ఖర్చు: వరుస విందుకు తలకు ఇంత అని ముందే తెలుస్తుంది. విడిగా అయితే చేయి మన అదుపులో ఉంటుంది. ఎలాగైనా సర్వీసు ఛార్జీ తప్పనిసరి కాదని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిల్లులో వేస్తే తీసేయమనండి.

సమయం: వరుస విందుకు మూడు గంటలు, విడిగా అయితే గంట.

చిక్కు: విడిగా అయితే నచ్చినదే వస్తుంది. వరుస విందులో పడనివి ముందే చెప్పాలి. అత్తయ్యగారు శనివారం నీచు ముట్టరని చెప్పడం మరిచాం. రెండు పళ్లాలు అలాగే వెనక్కి వెళ్లాయి, వాటి డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

కొత్త రుచులంటే సరదా ఉన్న ఇద్దరికైతే వరుస విందే. పెద్దలు, పిల్లలు, రాత్రి రైలు ఉంటే విడిగానే మేలు. ఆ రాత్రి ఇల్లు చేరగానే అత్తయ్యగారు పొయ్యి వెలిగించి చారన్నం కలుపుకున్నారు. బావగారూ కంచం పట్టుకొచ్చారు.