ఘంటసాల ప్రైవేటు రికార్డులు: ఏళ్ల తరబడి విన్నాక

‘ఈ మధ్య ఏం వింటున్నారు?’ పాటల పిచ్చి ఉన్న నలుగురు కలిస్తే కుశల ప్రశ్నల కంటే ముందు వచ్చే ప్రశ్న ఇది. మా బృందంలో ఒకాయన జవాబు ఎప్పుడూ ఇళయరాజాయే. ఏ చరణం ముందు వయొలిన్లు ఎలా విడిపోతాయో చేతులు తిప్పి మరీ చూపిస్తారు. ఇంకొకావిడ బాలమురళీకృష్ణను దాటి అడుగు బయట పెట్టరు. నా వంతు వచ్చి ‘ఘంటసాల ప్రైవేటు రికార్డులు’ అనగానే ‘ఇంకా అవేనా?’ అంటారు. అవే. అందుకే, ఇన్నేళ్లు విన్న తర్వాత వాటిలో ఏది నిలిచింది, ఏది వెలిసిపోయింది అన్నది ఒకసారి వివరంగా రాద్దామని కూర్చున్నాను.

సినిమాలతో సంబంధం లేకుండా గ్రామఫోను రికార్డుల కోసమే ఆయన పాడిన పద్యాలు, లలిత గీతాలు, భక్తి గీతాలు, చివరికి భగవద్గీత, వీటి గురించే నేను చెబుతున్నది. మేనమామ ఇంట్లో ఎల్పీ రికార్డులతో మొదలై క్యాసెట్లు, సీడీలు దాటి ఇప్పుడు ఫోనులో వింటున్నాను. సినిమా పాటల ఘంటసాలను ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. ఈ రికార్డుల ఘంటసాలను మాత్రం పెళ్లిళ్లలో ఒకలా, చావు ఇళ్లలో ఒకలా విని, తెలుసు అనుకుని వదిలేశాం.

ముందుగా పుష్పవిలాపం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘ఉదయశ్రీ’లోని పద్యాలు. పూజకు పూలు కోయబోయిన వాడిని పూలే నిలదీసే కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. బడిలో వక్తృత్వ పోటీల్లో అరిగిపోయిన వస్తువు. అయినా ఈ రికార్డు పాతబడకపోవడానికి కారణం నాకు చాలాకాలానికి అర్థమైంది. ‘నేనొక పూలమొక్క కడ’ అనే పద్యం ఉత్పలమాల. అందులో కవి ఒక చిన్న చిక్కు పెట్టారు. మొదటి పాదం ‘గో’ దగ్గర ముగుస్తుంది, రెండో పాదం ‘రానెడు’ అని మొదలవుతుంది. గోరు ఆనించబోయేంతలో అన్న మాట రెండు పాదాల మధ్య రెండు ముక్కలైపోయింది. రెండో పాదం చివర ‘మా’ విడిగా నిలబడి, ‘ప్రాణము’ మూడో పాదంలోకి పోయింది. మూడో పాదం చివరి ‘నా’ కూడా అంతే. పద్యం చదవడం వచ్చిన వాళ్లు చాలామంది పాదం చివర ఆగుతారు. ఆగితే ‘గో’ అనే అర్థం లేని శబ్దం గాలిలో వేలాడుతుంది. ఘంటసాల అక్కడ ఆగరు. ‘కొమ్మ వంచి’ దగ్గర ఊపిరి తీసుకుని, ‘గోరానెడు’ను ఒకే మాటగా పలుకుతారు. ‘నోళ్లు విప్పి’ దగ్గర చిన్న ఆగింపు. ఆ తర్వాత ‘మా ప్రాణము’ అని పూలు మాట్లాడటం మొదలవుతుంది. ఛందస్సు లెక్క చెడలేదు, రాగం తెగలేదు, కానీ విన్నవాడికి పాదాలు వినబడవు, వాక్యాలు వినబడతాయి. ఇది తెలిశాక నేను మిగతా రికార్డులన్నింటినీ ఈ చెవితోనే మళ్లీ విన్నాను.

నాటకాల పద్యం దారి వేరు. శ్రీకృష్ణ రాయబారంలో పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి వారు తిరుపతి వేంకట కవుల పద్యం అందుకున్నారంటే రాగం కోసమే టికెట్టు కొన్న జనం ‘వన్స్‌మోర్’ అని ఊగిపోయేవారు. ఆ పద్ధతిలో పద్యం చివరి అక్షరం ఒక్కోసారి అసలు పద్యం కన్నా పొడుగు. దాని అందం దానిది, నేను కాదనను. రికార్డులో ఆ వెసులుబాటు లేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. జాగా లేకే ఘంటసాల రాగాన్ని కుదించారని కొందరంటారు. నేను ఒప్పుకోను. తర్వాత ఎల్పీలు వచ్చి జాగా పెరిగినప్పుడు కూడా ఆయన అలాగే పాడారు. విజయనగరం సంగీత కళాశాలలో ఆయన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. ‘సాలూరు చిన గురువుగారు’ అంటే ఆ ప్రాంతంలో ఎక్కువమందికి తెలుస్తుంది. ఆ గురువుగారి కుమారుడు సంగీతరావు గారే తర్వాత మద్రాసులో ఘంటసాలకు ఏళ్లపాటు సహాయకుడిగా ఉన్నారు. పద్యాన్ని మాట చెడకుండా పాడే ఈ తీరు ఆ ఇంటినుంచి వచ్చిందేనని నా నమ్మకం.

కుంతీకుమారి కూడా కరుణశ్రీదే, పాడిందీ ఘంటసాలే. చాలామంది రెండింటినీ జంటగా పొగుడుతారు. నా వరకు ఇది పుష్పవిలాపానికి చాలా దిగువన. చంపకమాలలో మొదలయ్యే వర్ణన బాగుంటుంది. నది ఒడ్డు, ఒంటరి పిల్ల, చేతిలో పసికందు కళ్లకు కడతాయి. తీరా బిడ్డను వదిలే ఘట్టం వచ్చేసరికి గొంతులోకి ఏడుపు వచ్చేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు కన్నీళ్లు ఆగవు, ఆ మాట నిజమే. పదే పదే విన్నప్పుడు మాత్రం, కుంతి ఏడుపు కన్నా గాయకుడి ఏడుపే ఎక్కువ వినిపిస్తుంది. పుష్పవిలాపంలో పూలు నిష్ఠూరమాడతాయి, గొంతు మాత్రం నిబ్బరంగా ఉంటుంది. అందుకే ఆ నిష్ఠూరం తగులుతుంది. ఇక్కడ మాట వెనక్కి పోయి గద్గదం ముందుకొచ్చింది. మా బాలమురళి అభిమాని ఈ ఒక్క విషయంలో నాతో ఏకీభవించారు. అదీ అరుదైన ఘనతే.

ఇక భగవద్గీత. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ అన్యాయం జరిగింది దీనికే.

తన జీవితం చివరి రోజుల్లో ఆయన రికార్డు చేసిన పని ఇది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాక జనం చేతికి వచ్చింది. పద్దెనిమిది అధ్యాయాల్లోని 700 శ్లోకాల నుంచి నూటికి పైగా ఎంచుకుని, ఒక్కొక్క శ్లోకం పాడి, దాని తాత్పర్యం తానే తెలుగులో చెబుతారు. అప్పటినుంచి ఇది మన ఊళ్లలో చావు కబురుకు మారుపేరైంది. ఎవరైనా పోయారంటే పందిరి కంటే ముందు మైకు, మైకులో ఈ గీత. వైకుంఠ రథం వీధి మలుపు తిరగకముందే ఈ గొంతు వినబడుతుంది.

నేను ఒకసారి మామూలు పొద్దున, కూరగాయలు తరుగుతూ దీన్ని కాస్త గట్టిగా పెట్టుకున్నాను. పై అంతస్తులో ఉండే పెద్దాయన చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, గొంతు తగ్గించి ‘ఏమ్మా, అంతా క్షేమమేనా? అత్తగారికి బాగానే ఉందా?’ అన్నారు. లోపలినుంచి మా అత్తగారు ‘నాకేమైందండీ, నిక్షేపంగా ఉన్నాను’ అని బయటికొచ్చేసరికి పాపం ఆయనకు ఏం చేయాలో తోచలేదు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాం. ఆయన వెళ్లాక మా అత్తగారు ‘పొద్దున్నే ఇది వద్దులే అమ్మా, సాయంత్రం పెట్టుకో’ అన్నారు. అప్పటినుంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాను.

దానివల్ల మేలే జరిగింది. మైకులో ముక్కలుగా వినే గీత వేరు, చెవి దగ్గర మొదటినుంచి వినే గీత వేరు. మైకులో మనకు గుర్తుండేది రెండో అధ్యాయంలోని ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’, ‘వాసాంసి జీర్ణాని’. పుట్టిన వాడికి చావు తప్పదని, ఆత్మ పాత బట్టల్లా దేహాన్ని విడిచి కొత్తది తొడుక్కుంటుందని చెప్పే శ్లోకాలు కాబట్టి ఆ సందర్భానికి అతికాయి. కానీ అవి మొత్తంలో ఎంత? ఏ పందిరి కిందా తీరిగ్గా ఎవరూ వినని పదకొండో అధ్యాయం వినండి. ‘పశ్యామి దేవాంస్తవ దేవ దేహే’ దగ్గర అర్జునుడి ఆశ్చర్యం, ‘దంష్ట్రాకరాళాని’ దగ్గరికి వచ్చేసరికి భయం. రెండు చోట్లా గొంతు పైకి వెళ్తుంది, కానీ పైకి వెళ్లే తీరు ఒకటి కాదు. మొదటి దాంట్లో స్వరం విచ్చుకుంటుంది, రెండో దాంట్లో బిగుసుకుంటుంది. అనారోగ్యంతో ఉన్న మనిషి పాడిన పాట అని తెలిసి వింటే ఆ బిగువుకు ఒళ్లు జలదరిస్తుంది.

అయితే నా అసలు అభిప్రాయం చెబితే మా బృందం నన్ను వెలివేస్తుందేమో. ఈ రికార్డులో శ్లోకాల కన్నా తాత్పర్యాలే గొప్పవి. అవును, పాడిన భాగం కన్నా మాట్లాడిన భాగం. భాష పూర్తిగా గ్రాంథికం, ఇప్పటి పిల్లలకు సగం కొరుకుడు పడదు. అయినా ఆ వచనాన్ని ఆయన నటించలేదు, ఉపన్యాసం చేయలేదు. కృష్ణుడి గొంతు ఒకటి, అర్జునుడి గొంతు ఒకటి అని వేషాలు మార్చలేదు. ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, మనకు తెలివి ఉందని నమ్మి, విషయం చెప్పినట్టు చెబుతారు. సంస్కృత సమాసాల్లో కూడా ఒత్తు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. ఖ, ఘ, భ లాంటి మహాప్రాణాలు వినబడతాయి కానీ గుచ్చుకోవు. ఇప్పుడు వార్తలు చదివే వాళ్ల ఉచ్చారణ విని విసిగినప్పుడల్లా నేను ఈ తాత్పర్యాలు కాసేపు పెట్టుకుంటాను. గాయకుడిగా ఆయన్ను దాటిన వాళ్లున్నారా అన్న వాదనలోకి నేను దిగను. తెలుగు మాటను పలకడంలో మాత్రం నాకు ఇంకొకరు దొరకలేదు.

ఒక లోపమూ ఉంది. శ్లోకం, తాత్పర్యం, మళ్లీ శ్లోకం, మళ్లీ తాత్పర్యం అన్న వరస ఏకబిగిన వింటే యాంత్రికంగా తయారవుతుంది. కొంతసేపటికి చెవి తలుపు వేసుకుంటుంది. అధ్యాయానికి ఒకసారి ఆపి, మరునాడు అందుకోవడమే దీనికి మందు.

లలిత గీతాల సంగతి తొందరగా చెప్పేస్తాను. దాశరథి రాసిన ‘తలనిండ పూదండ’ ఇప్పటికీ తాజాగా ఉంది. తేలికైన పాటను తేలిగ్గానే పాడారు, అదే దాని బలం. ‘బహుదూరపు బాటసారి’ వయసు పెరిగే కొద్దీ ఎక్కువ నచ్చుతోంది. భక్తి గీతాల్లో కొన్నింటికి వాద్యాల హోరు ఎక్కువై, సినిమా పాటల్లో మిగిలిపోయిన బాణీల్లా అనిపిస్తాయి. వాటిని నేను వెతుక్కుని వినను.

ఎలా వినాలన్నది ఎవరూ చెప్పరు కాబట్టి నాలుగు మాటలు. ఇప్పుడు ఫోనులో దొరికే ప్రతుల్లో సగం పనికిరావు. నేను డబ్బు కట్టి వాడే ఒక పాటల యాప్‌లో పుష్పవిలాపానికి ఎవరో గుహలోంచి వచ్చే ప్రతిధ్వని తగిలించారు. నేను పైన చెప్పిన ‘కొమ్మ వంచి’ తర్వాతి చిన్న నిశ్శబ్దం అందులో లేనే లేదు. ‘వంచి’ తాలూకు తోక ‘గోరానెడు’ మీద పడుతోంది. ఆ ఆగింపు పోతే ఈ రికార్డులో పోకూడనిది పోయినట్టే. ఇంకొక ప్రతి వేగం పెరిగి, గొంతు సన్నబడి ఉంది. నా దగ్గరున్న క్యాసెట్టు, ఈ ప్రతి పక్కపక్కన పెట్టి, ఫోనులో తంబురా శ్రుతి వేసి చూస్తే దాదాపు అర శ్రుతి తేడా. క్యాసెట్టు టేపు సాగి ఉండవచ్చు కదా అని సీడీతో కూడా సరిచూశాను. సీడీ, క్యాసెట్టు ఒక్కమాట మీద ఉన్నాయి. గీతను శ్లోకానికో ముక్కగా కోసి పెట్టిన చోట ఇంకో తంటా: యాప్ తన ఇష్టప్రకారం కలిపేస్తే, అర్జునుడు ప్రశ్న అడగకముందే కృష్ణుడు జవాబు చెప్పేస్తాడు. మధ్యలో బిస్కెట్ల ప్రకటన ఒకటి. వరస మార్చి వినిపించే సదుపాయాన్ని ముందు ఆపేయండి.

పరికరం విషయానికి వస్తే, ఖరీదైన స్పీకర్లు అక్కర్లేదు. ఈ పద్యాలు ఒకే మైకు కాలం నాటివి, ఉన్నదంతా గొంతులోనే ఉంది. బేస్ పెంచే స్పీకర్లలో గొంతు కడవలో పెట్టి మాట్లాడినట్టు వస్తుంది. పాత రేడియో లాంటి చిన్న స్పీకరు ఒకటి, దాని బేస్ తగ్గించి వింటే హల్లులు స్పష్టంగా వస్తాయి. ఇయర్‌ఫోన్లలో గరగర కొంచెం ఎక్కువే వినబడుతుంది. రెండు మూడు నిమిషాల్లో చెవి దానికి అలవాటు పడుతుంది.

ఇంట్లో పాత క్యాసెట్లు, రికార్డులు ఉంటే దయచేసి పారేయకండి. ఫోనులోకి ఎక్కించడానికి దుకాణంలో ఇస్తే, అక్కడి కుర్రవాడు తప్పకుండా ‘గరగర తీసేసి శుభ్రం చేసి ఇస్తానండి’ అంటాడు. వద్దని చెప్పండి. ఆ యంత్రం గరగరతో పాటు శ, ష, స లను కూడా గీకేస్తుంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఇమ్మని, ముందు ఒక పద్యం వినిపించమని అడిగి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.