పాత 1210లోకి సెకండ్ హ్యాండ్ 697 ఇంజన్: ఆటోనగర్ సరుకు మీద రివ్యూ

దక్షిణ ఒడిశాలో జయపురం, కొరాపుట్, రాయగడ వైపు పాత టాటా 1210 లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నీళ్ల ట్యాంకర్లుగా, ఇటుక బట్టీల దగ్గర, సంతలకి సరుకు వేసేవిగా కనిపిస్తాయి. వాటి ఛాసిస్, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), వెనక హౌసింగ్ (వెనక యాక్సిల్ గూడు) ఇంకా గట్టిగానే ఉంటాయి. చేతులెత్తేసేది వాటిలోని 692 ఇంజన్. దాన్ని దించేసి, అంతకంటే పెద్దదైన టాటా 697 ఇంజన్ ఎక్కించాలనుకున్నవాళ్లు సాలూరు ఘాట్ దిగి విశాఖ ఆటోనగర్‌కి వెళ్తారు, అక్కడ కుదరకపోతే విజయవాడ ఆటోనగర్‌కి. ఆ రెండు చోట్ల దొరికే సెకండ్ హ్యాండ్ 697 ఎలాంటిది, దానితో పాటు ఏ సామాను తెచ్చుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. టర్బో లేని 697, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య ఉండే క్లచ్ గూడు) నుంచి ముందు మౌంటింగుల దాకా ఒకే బండి నుంచి దిగిన సెట్టుగా దొరికితే కొనండి. ఒట్టి ఇంజన్ ఎంత చవగ్గా ఇస్తామన్నా వదిలేయండి. మిగుల్చుకున్న డబ్బుకి రెట్టింపు లేత్ షాపులో పోతుంది, పైగా కుదరని భాగాల్ని కలపడానికి అక్కడ తయారయ్యే అడాప్టర్లు ఘాట్ మీద నమ్మదగినవి కావు.

697నే ఎందుకు ఎంచుకోవాలి? టాటాలు జంషెడ్‌పూర్‌లో 1954 నుంచి మెర్సిడెస్ బెంజ్ ఒప్పందంతో లారీలు కట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, కానీ ఇంజన్ల వంశం మారలేదు. 692, 697 రెండూ ఆ బెంజ్ ఆరు సిలిండర్ల కుటుంబానివే. 692 బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 92 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 120. అంటే 4788 సీసీ. 697 బోరు 97, స్ట్రోకు 128, మొత్తం 5675 సీసీ. దాదాపు 890 సీసీ ఎక్కువ. లోడుతో ఎక్కేటప్పుడు ఒక గేరు తక్కువ మార్చే తేడా అది. 697తో వచ్చిన టాటా లారీ 1613. ఆ పేరులో చివరి 13 అంటే సుమారు 130 గుర్రాల బలం. ఆ బండిలో వచ్చిన టర్బో లేని 697 మన 1210 గేరుబాక్సుకీ, వెనక హౌసింగ్‌కీ మోయలేని భారం కాదు.

ఒకే కుటుంబం కదా అని సామానంతా ఇటుది అటు పడుతుందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. పిస్టన్లు, రింగులు, లైనర్లు, హెడ్ గ్యాస్కెట్ 692వి 697కి పనికిరావు, బోరే వేరు. క్రాంకు వేరు, స్ట్రోకు వేరు. పాత ఇంజన్ మీదున్న మంచి హెడ్ తీసి దీనికి వేద్దామనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

కొనేచోట మొదటి పని, అది నిజంగా 697 అవునో కాదో తేల్చుకోవడం. బ్లాకు మీద కొట్టిన నంబరు 697తో మొదలవ్వాలి. రంగు కొత్తగా వేసి ఉంటే నంబరు చోట గుడ్డతో థిన్నర్ రుద్ది చూడండి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలుంటే అక్కడితో ఆపేయండి. నంబరు ఒక్కటే చాలదు, హెడ్ తీయించండి. తీయనివ్వని షాపులో కొనొద్దు. హెడ్ తీశాక ఒక పిస్టన్‌ని పూర్తిగా పైకి తెచ్చి, డెప్త్ గేజితో బ్లాకు పైముఖం నుంచి పిస్టన్ అంచు దాకా కొలవండి. క్రాంకు తిప్పి పూర్తిగా కిందికి దించి మళ్లీ కొలవండి. రెండింటి తేడా 128 రావాలి. 120 వచ్చిందంటే లోపలున్నది 692 క్రాంకు. అదే సమయంలో బోరు గేజితో లైనరు పైభాగాన, మొదటి రింగు ఆగే చోట, అడ్డంగా, నిలువుగా కొలిపించండి. రింగులు తిరగని కింది భాగంతో పోల్చితే అరుగుదల తెలిసిపోతుంది. వేలి గోరు అక్కడ మెట్టులా తగిలితే రీబోరింగ్ ఖర్చు ధరలోంచి తగ్గించుకునే బేరం ఆడండి.

హెడ్ తీయడానికి ముందే ఒకసారి స్టార్ట్ చేయించి చూడాలి. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే ఆరిపోయేదాకా కూర్చోండి. చల్లటి మీద స్టార్ట్ అయిన తీరే అసలు కండిషన్. ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి పెట్టండి. కొద్దిగా ఊపిరిలాంటి గాలి సహజం. చెయ్యి నెట్టేస్తూ పొగ కొడితే రింగులు పోయినట్టే. రేడియేటర్ నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్‌లోనో గ్యాస్కెట్‌లోనో తేడా ఉంది.

ఇక అసలు చిక్కు ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట. బెల్ హౌసింగ్ బోల్టుల కన్నాలు, డోవెల్ పిన్నులు కుదిరినంత మాత్రాన అన్నీ కుదిరినట్టు కాదు. గేరుబాక్సు ముందు షాఫ్ట్ మూతి, క్రాంకు వెనక కూర్చునే పైలట్ బేరింగ్‌లోకి సరిగ్గా వెళ్లాలి. మూతి బయటి వ్యాసం, బేరింగ్ లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. ఆ మూతి బేరింగ్‌లోకి ఎంత లోతు వెళ్తోందో చూడటానికి సులువైన దారి ఉంది: మూతికి సుద్ద పూసి, గేరుబాక్సుని ఒకసారి పూర్తిగా కూర్చోబెట్టి తీస్తే సుద్ద ఎక్కడిదాకా చెరిగిందో కనిపిస్తుంది. బేరింగ్ అంచున మాత్రమే ఆనితే కొన్నాళ్లకి మోత మొదలవుతుంది. అడుగుకి గుద్దుకుంటే గేరుబాక్సు బోల్టులు బిగించేటప్పుడే క్రాంకు థ్రస్ట్ బేరింగ్ మీద ఒత్తిడి పడుతుంది. బోల్టులతో లాగి కూర్చోబెట్టడం ఎప్పుడూ చెయ్యకూడదు. చేత్తో నెడితే కూర్చోకపోతే ఎక్కడో అడ్డుతోందన్నమాట.

క్లచ్ విషయంలో సూత్రం ఒక్కటే: ప్లేటు మధ్యలోని పళ్లు గేరుబాక్సుకి సరిపోవాలి, ప్లేటు వ్యాసం ఫ్లైవీల్‌కి సరిపోవాలి. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు 697 బండివే ఉంచి, మీ గేరుబాక్సు షాఫ్ట్ పళ్లు లెక్కపెట్టుకుని ఆ పళ్లున్న ప్లేటు తెచ్చుకోండి. పాత చిన్న క్లచ్‌ని కొత్త ఫ్లైవీల్‌కి కన్నాలు వేసి బిగించడం ఇక్కడ చాలా చోట్ల చేస్తున్నారు. సాలూరు దాటి సుంకి వైపు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేరులో లోడుతో కదిలించిన ప్రతిసారీ ఆ ప్లేటు కాలుతుంది. రిలీజ్ బేరింగ్ ఫోర్కు కూడా చూడాలి. ప్రెషర్ ప్లేటు ఎత్తు మారితే ఫోర్కు కోణం మారి, పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ విడవదు.

బెల్ హౌసింగ్ వేరే బండిదైతే, డయల్ గేజిని ఫ్లైవీల్ మీద నిలబెట్టి హౌసింగ్ మధ్య కన్నం చుట్టూ తిప్పి చూపించమనండి. కేంద్రం తప్పితే ప్లేటు మధ్య రివిట్లు వదులవుతాయి, గేరుబాక్సు ముందు బేరింగ్ మోగుతుంది. మెకానిక్ మూడు సార్లు గేరుబాక్సు దించి ఎక్కించినా కారణం దొరకదు. సెట్టుగా కొనమని అంతగా చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

సెల్ఫ్ మోటారు కూడా 697దే తీసుకోండి. ఫ్లైవీల్ రింగు పళ్లకీ సెల్ఫ్ పినియన్‌కీ జోడీ కుదరాలి. మోటారు మీదున్న పేరు ప్లేటులో 12 వోల్టా, 24 వోల్టా అన్నది చదవండి. పాత బండి వైరింగ్ 12 అయి, సెల్ఫ్ 24ది అయితే అది తిరగదు. అటుది ఇటై, 12 సెల్ఫ్‌కి 24 ఇస్తే కాలిపోతుంది.

చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ఆయిల్ పంపు, దాని పీల్చే గొట్టం మూడూ ఒకే జత. ముందు యాక్సిల్ బీముకి తగులుతోందని చాంబర్ మార్చి గొట్టం మార్చకపోతే, గొట్టం అడుగు నుంచి పైకి తేలిపోతుంది. దిగువకి వెళ్తూ బ్రేకు కొట్టినప్పుడు ఆయిల్ ముందుకి పోయి ప్రెషర్ పడిపోతుంది. అందుకే ఇంజన్ బిగించక ముందు, వేలాడదీసి ఉంచే, ముందు కమాన్లు బంప్ రబ్బరు తాకేదాకా నొక్కి చాంబర్‌కీ బీముకీ మధ్య ఖాళీ చూసుకోవాలి.

మౌంటింగుల కోసం ఛాసిస్ మీద వెల్డింగ్ చేయించొద్దు. ఛాసిస్ పట్టీ నిలువు ముఖంలో కన్నాలు వేసి, బలమైన గ్రేడు బోల్టులతో బ్రాకెట్ బిగించాలి. పై, కింది అంచుల్లో కన్నం వేస్తే అక్కడే పగులు మొదలవుతుంది. ఇంజన్ పాత చోటికంటే వెనక్కో ముందుకో జరిగితే జాయింట్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే షాఫ్ట్) పొడవు చూసుకోండి. బండి ఖాళీగా, లోడుతో రెండు సార్లు కొలిచి, జారే జాయింట్‌లో రెండు వైపులా ఇంకా కదలడానికి చోటుందో లేదో చూడాలి. గేరుబాక్సు వెనక ఫ్లాంజ్, వెనక హౌసింగ్ ముందు ఫ్లాంజ్ సమాంతరంగా లేకపోతే స్పీడులో వణుకు వస్తుంది, ఆ షాఫ్ట్ చివరల క్రాసులు త్వరగా పోతాయి.

డీజిల్ పంపు గురించి ఇంకాస్త. ఇంజన్‌తో పాటు దాని మైకో కంపెనీ డీజిల్ పంపూ నాజిళ్లూ రావాలి. 692 పంపు 697కి సరిపడా డీజిల్ కొట్టదు, బలం ఉన్నా కనిపించదు. టర్బో ఇంజన్ పంపు పెడితే ఎక్కువ కొడుతుంది, నల్లపొగ వస్తుంది. మరీ పాత బెంజ్ కాలపు పంపుకి వాక్యూమ్ గవర్నర్ ఉండి, ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్‌లో బటర్‌ఫ్లై ఉంటే ఆ రెండింటినీ విడదీసి ఒక్కటే వాడటం కుదరదు. గవర్నర్ పనిచెయ్యక ఇంజన్ పరుగందుకుంటుంది. పంపు కాలిబ్రేషన్ విశాఖలో చేయిస్తే ఒక మాట చెప్పండి: బండి తిరిగేది కొరాపుట్‌లో. అక్కడ ఎత్తు సుమారు 870 మీటర్లు, గాలి విశాఖకంటే పదో వంతుకి దగ్గరగా పలచన. సముద్రమట్టం మీద అంచు దాకా పెట్టిన డీజిల్ పైన పూర్తిగా మండదు. పొగ రాకుండా ఫుల్ లోడ్ సెట్టింగ్ కొంచెం తగ్గించి ఇవ్వమని అడగాలి. టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర వదిలే సందు) చల్లటి మీద ఇన్‌లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4.

రేడియేటర్ మాత్రం పాతది ఉంచుకోవద్దు. ఘాట్ ఎక్కేటప్పుడు బండి నెమ్మదిగా పోతుంది, ఎదురుగాలి ఉండదు, చల్లబరిచేది ఫ్యాను ఒక్కటే. 697 బండి కోర్, ఫ్యాను చుట్టూ ఉండే రేకు తొడుగుతో సహా కొనండి. తొడుగు లేకపోతే ఫ్యాను వెనక ఉన్న వేడిగాలినే మళ్లీ తిప్పుకుంటుంది. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు ఇక్కడ బాగా పాతుకుపోయింది. థర్మోస్టాట్ లేకపోతే బైపాస్ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, కొన్ని నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగొస్తాయి. చలికాలం తెల్లవారుజామున సిమిలిగుడలో అదే ఇంజన్ వేడెక్కక లైనర్లు అరుగుతాయి. థర్మోస్టాట్ పెట్టే తీరాలి. కింది నీళ్ల గొట్టంలో స్ప్రింగ్ ఉందో లేదో నొక్కి చూడండి. లేకపోతే స్పీడులో గొట్టం లోపలికి అతుక్కుపోతుంది.

వెనక హౌసింగ్‌లోని క్రౌన్, పినియన్ పళ్ల చక్రాలు మార్చాలా అని చాలామంది అడుగుతారు. పళ్లు లెక్కపెట్టండి. 41కి 6 ఉంటే నిష్పత్తి 6.83, 41కి 7 ఉంటే 5.86. 9.00-20 టైరు ఒక చుట్టుకి సుమారు 3.1 మీటర్లు పోతుంది. టాప్ గేరు డైరెక్ట్ అయితే 2800 ఆర్‌పీఎం దగ్గర మొదటిదానితో గంటకి 76 కిలోమీటర్లు, రెండోదానితో 89. రాయగడ, గుణుపురం, కొరాపుట్ మధ్య తిరిగే బండికి 6.83 చాలు, ముట్టుకోవద్దు. విశాఖ, బరంపురం హైవే మీదే ఎక్కువగా నడిచే బండికైతే 5.86 డీజిల్ ఆదా చేస్తుంది.

టర్బో ఉన్న 697 గురించి కూడా అడుగుతుంటారు. సామాను విప్పుకోవడానికి పూర్తి డోనర్ బండి దొరికి, రేడియేటర్, ఆయిల్ గొట్టాలు, ఎగ్జాస్ట్, క్లచ్ అన్నీ దాని నుంచే వస్తే మంచిదే. ఈ ఎత్తుల్లో టర్బో బాగా పనిచేస్తుంది. మామూలు 697కి బయట నుంచి టర్బో తగిలించడం మాత్రం వద్దు. పిస్టన్లు ఆ వేడికి తయారైనవి కావు. 5883 సీసీ కమిన్స్ ఇంకా బలమైనది, కానీ హౌసింగ్, మౌంటింగ్, ఫ్యాను చోటు అన్నీ వేరు. 1210లోకి దాన్ని దించాలంటే ముందు సగం బండి మార్చాలి.

కాగితాల పని ఇంజన్ దించక ముందే మొదలుపెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఇంజన్ మార్పుకి ఆర్టీఓ అనుమతి కావాలి, మార్చాక 14 రోజుల్లో ఆర్సీతో వెళ్లి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. సరుకు ఆంధ్ర నుంచి వస్తుంది, రిజిస్ట్రేషన్ ఒడిశాది. కాబట్టి జీఎస్టీ బిల్లు మీద ఇంజన్ నంబరు స్పష్టంగా రాయించుకోండి. అది దిగిన బండి తుక్కు అయినట్టు చూపే కాగితం కూడా షాపువాళ్ల దగ్గర అడిగి తీసుకోండి. బిల్లు మీద ఉత్త "పాత ఇంజన్" అని రాసిస్తామంటే ఒప్పుకోవద్దు. దారిలో ఆపి తనిఖీ చేసినా, ఫిట్‌నెస్ రోజునా అడిగేది ఆ నంబరే.