కువైట్ నుంచి వచ్చి అమలాపురంలో పిత్తాశయం ఆపరేషన్

11 ఏళ్లుగా కువైట్‌లో ఉంటున్నాను. పిత్తాశయంలో రాళ్లని అక్కడ స్కానింగులో తేలింది. ఆపరేషన్ మాత్రం అమ్మ దగ్గరే అనుకుని, రాజమండ్రి దగ్గరి మధురపూడిలో విమానం దిగి రావులపాలెం మీదుగా అమలాపురం చేరాను.

ఈ ఆసుపత్రి నర్సుల గురించి ఎంత చెప్పినా తక్కువే. పొట్టమీద 4 చిన్న కోతలే. కానీ మర్నాడు కుడి భుజం సలపడంతో గుండెకేమైనా అయిందేమోనని హడలిపోయాను. ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వాయువు వల్ల అలా ఉంటుందని రాత్రి డ్యూటీ నర్సు నెమ్మదిగా చెప్పి, చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించింది. ఆ మాట తెలుగులో వినడం ఎంత ధైర్యమో! తీసిన రాళ్లు చిన్న సీసాలో చూపించారు. మిరియాల్లా నల్లగా, 7 ఉన్నాయి.

డిశ్చార్జి కాగితం మాత్రం చేత్తో గిలికి ఇచ్చారు. కంపెనీకి టైపు చేసినది కావాలంటే 3 రోజులు తిప్పారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు చేరిన రోజే అడిగిపెట్టుకోండి. తిరుగు టికెట్ డాక్టరు సరేనన్నాకే తీసుకోండి.