నాలుగేళ్లుగా మా హోటల్ ఎగ్జాస్ట్ డక్ట్ క్లీన్ చేయిస్తున్నా, చూసింది చూసినట్టు రాస్తున్నా

మాది హైదరాబాద్ కొత్తపేటలో బిర్యానీ, మీల్స్ హోటల్, పొద్దున 11 నుంచి రాత్రి 11 దాకా పొయ్యి ఆరదు. కిచెన్ కింద వెనకపక్క ఉంటుంది, పొయ్యిల మీద పొగ పట్టే 14 అడుగుల హుడ్, అక్కణ్ణించి డక్ట్, అంటే పొగ పోయే రేకు గొట్టం, ఫాల్స్ సీలింగ్ మీదుగా అడ్డంగా ఓ 20 అడుగులు పోయి, గోడ బయట నిలువుగా మూడు ఫ్లోర్లు ఎక్కి టెర్రస్ మీద పొగని బయటికి గుంజే బ్లోయర్‌కి కలుస్తుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, హోటల్ పెట్టిన మూడేళ్ల దాకా నాకే ఇది తెలీదు, ఆ డక్ట్ ఎటు పోతుందో ఎన్ని మలుపులు తిరుగుతుందో ఒక్కసారి కూడా వెంట నడిచి చూడలేదు.

అప్పట్లో మా మాస్టర్ రోజూ ఒకటే మాట, "అన్నా, బ్లోయర్ గుంజుతలేదు" అని. ఎండుమిర్చి పోపు పడితే ఫ్యామిలీ సెక్షన్ దాకా దగ్గులే. మోటార్ పోయిందేమోననుకుని ఎలక్ట్రీషియన్‌ని పిలిచా, రాణిగంజ్ నుంచి కొత్త బెల్ట్ తెచ్చి వేశాడు, రెండు వారాలు బాగుంది, మళ్లీ అదే పొగ. అప్పుడు తెలిసినవాళ్లు చెబితే ఒక క్లీనింగ్ అతన్ని పెట్టుకున్నా, రేటు తక్కువ, ఫోన్‌లోనే ఒప్పుకున్నాడు, రాత్రి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి రెండున్నర గంటల్లో అయిపోయిందనేవాళ్లు. పొద్దున చూస్తే హుడ్ అద్దంలా మెరిసేది, హుడ్‌లో జిడ్డు పట్టే ఫిల్టర్లు కొత్తవాటిలా ఉండేవి, నేనూ సంతోషంగా డబ్బులిచ్చేవాణ్ణి. అలా ఏడాదిన్నరలో ఆరు సార్లు.

తర్వాత ఒకరోజు రాత్రి చైనీస్ కౌంటర్‌లో కడాయి అంటుకుంది. అది మామూలే, మూత వేస్తే ఆరిపోతుంది, కానీ ఆ రోజు మంట లేచి ఫిల్టర్ అంచుకి తగిలింది, పైన బ్లోయర్ తిరుగుతోంది కాబట్టి మంటని లోపలికి గుంజింది. మాస్టర్ గ్యాస్ కట్టేశాడు, నూనె మంటలు ఆర్పే వెట్ కెమికల్ సిలిండర్ ఉండబట్టి సరిపోయింది (వంటనూనె మంట మీద నీళ్లు మాత్రం పొయ్యకండి, నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే నూనెని నలుదిక్కులా చిమ్ముతాయి, మా కిచెన్ కుర్రాళ్లందరికీ ఇది వివరంగా చెప్పా). మంట ఆరింది గానీ ఫాల్స్ సీలింగ్‌లోంచి కాలిన వాసన అరగంట దాకా వస్తూనే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే బాలానగర్ నుంచి షీట్ మెటల్ పనిచేసే అతన్ని పిలిపించి మొదటి మలుపు దగ్గర డక్ట్‌కి చదరంగా కోత పెట్టించా. లోపల వేలి మందాన జిడ్డు మడ్డి. పైపొర ఎండి తారులా ఉంది, కింద మెత్తగా వేలు దిగిపోతోంది, ఒక పక్క మాడిన మచ్చ. మెరిసే హుడ్‌కి అది నాలుగడుగుల దూరం కూడా లేదు. ఆ ఆరుసార్లూ వాళ్లు కింది నుంచి చెయ్యి అందినంత, పైనుంచి చెయ్యి అందినంత తుడిచి పోయారన్నమాట. మా పైన మూడు ఫ్లోర్లలో కాపురాలున్నాయి, చిన్నపిల్లలున్నారు. ఆ మంట ఇంకో రెండడుగులు పాకుంటే ఏమయ్యేదో ఇప్పుడు తల్చుకున్నా చేతులు వణుకుతాయి.

రెండో కంపెనీతో రెండున్నరేళ్లు అయింది, అసలు రివ్యూ వీళ్ల గురించే, పేరు మాత్రం రాయట్లేదు. మొదటి తేడా ఏంటంటే ఫోన్‌లో రేటు చెప్పలేదు. మనిషి వచ్చి కొలతలు తీసుకుని, టెర్రస్ ఎక్కి బ్లోయర్ విప్పి చూసి, కాగితం మీద డక్ట్ బొమ్మ గీసి, "సార్, ప్రతి మలుపు దగ్గరా తెరిచి క్లీన్ చెయ్యడానికి ఒక డోర్ కావాలి, అడ్డంగా పోయే దాంట్లో రెండు మీటర్లకొకటి కావాలి, అవి లేకుండా చేస్తామని ఎవరన్నా అంటే నమ్మకండి" అన్నాడు. మొత్తం ఆరు డోర్లు పెట్టారు, వేడికి తట్టుకునే గ్యాస్కెట్‌తో. డోర్లతో కలిపి మొదటిసారి నాకు 38,000 అయింది, ఇప్పుడు ఒక్కో సారికి 14,000. మొదట ఎక్కువనిపించింది, ఆ మడ్డి చూశాక అనిపించలేదు.

పని ఆదివారం రాత్రి పావు తక్కువ పన్నెండుకి మొదలెడతారు. పొయ్యిలన్నిటి మీదా ప్లాస్టిక్ షీట్లు కప్పి, హుడ్ కింద ఇంకో షీట్ గరాటులా కట్టి కింద డ్రమ్ము పెడతారు, ముందు స్క్రేపర్లతో గోకుడు, అది అయ్యాకే కెమికల్, వేడినీళ్ల ప్రెషర్. మొదటిసారి గోకడానికే ఒక రాత్రంతా పట్టింది, రెండో రాత్రి కూడా వచ్చారు. బ్లోయర్ రెక్కల మధ్య మడ్డి పేరుకుపోతే బ్యాలెన్స్ తప్పి ఊగుతుందట, టెర్రస్ మీద ఆ గడగడ చప్పుడు అదేనట, బెల్ట్‌ని దోషి అనుకుని నేను రెండు బెల్ట్‌లు మార్చా.

నాకు బాగా నచ్చింది కొలత. దువ్వెన పళ్లలాంటి అంచు ఉన్న చిన్న పలక ఒకటి ఉంటుంది, జిడ్డులో గుచ్చితే ఎన్ని మైక్రాన్ల మందం ఉందో తెలుస్తుంది. బ్రిటన్‌లో టీఆర్19 అని ఒక స్టాండర్డ్ ఉందట, సగటున 200 మైక్రాన్లు దాటితే క్లీన్ చెయ్యాలంటుంది, అంటే మిల్లీమీటర్‌లో ఐదో వంతు, మూడు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. మాది వేలి మందం! రోజుకి 12 నుంచి 16 గంటలు వంట నడిస్తే మూడు నెలలకోసారి, 6 నుంచి 12 గంటలైతే ఆరు నెలలకోసారి చెయ్యమని దాని పాత ఎడిషన్‌లో ఉండేది, మేం మూడు నెలలది పట్టుకున్నాం. బొగ్గు, కట్టెల పొయ్యి అయితే అమెరికా వాళ్ల ఫైర్ సేఫ్టీ స్టాండర్డ్ ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రకారం నెలకోసారి తీసి చూడాలి, మా తందూర్ బొగ్గుది కాబట్టి దాని డక్ట్ డోర్ ప్రతి నెలా ఒకటో తారీఖున నేనే తెరిచి టార్చ్ వేసి చూస్తా. మండీ, కబాబ్ హోటళ్లవాళ్లు, రంజాన్‌లో హలీమ్ భట్టీలు పెట్టేవాళ్లు దయచేసి ఇది పట్టించుకోండి, నిప్పురవ్వ ఎగిరి లోపలి జిడ్డు మీద పడితే చాలు.

కంప్లైంట్లు లేవా అంటే ఉన్నాయి. ఒకసారి కొత్త కుర్రాడు అల్యూమినియం ఫిల్టర్లని కాస్టిక్ సోడాలో నానబెట్టి నల్లగా చేసేశాడు, అల్యూమినియంకి కాస్టిక్ పడదు, తినేస్తుంది, కొత్తవి స్టీల్‌వి కొనిచ్చారు గానీ పది రోజులు తిప్పారు. ఇంకోసారి మడ్డి నీళ్లు డ్రమ్ములో పట్టకుండా నేల మీది జాలీలోకి వదిలేశారు, రెండు రోజుల్లో గ్రీస్ ట్రాప్ (నీళ్లలోంచి జిడ్డు ఆపే తొట్టి) నిండిపోయి కిచెన్ అంతా నీళ్లు. శనివారం సాయంత్రం ఫోన్ చేసి రేపు రాలేమని చెప్పడం రెండుసార్లు జరిగింది. వీటికంటే నాకు కోపం వచ్చింది వేరే విషయానికి, ఒక రాత్రి నేను టెర్రస్ మీదికెళ్తే పిట్టగోడ పక్కన కుర్రాడు సేఫ్టీ బెల్ట్ లేకుండా వంగి బ్లోయర్‌లో చెయ్యి పెట్టి ఉన్నాడు, కింద స్విచ్ దగ్గర ఎవరూ లేరు. ఎవరన్నా పొరపాటున ఆన్ చేస్తే ఆ చెయ్యి ఉండేదా? అప్పటికప్పుడు పని ఆపించా. ఇప్పుడు బ్లోయర్‌కి కరెంట్ ఇచ్చే ఎంసీబీ స్విచ్ దించి తాళం వేసి, తాళంచెవి పైన పనిచేసేవాడి జేబులో ఉంటేనే పని మొదలవుతుంది, సేఫ్టీ బెల్ట్ లేకపోతే మెట్లు ఎక్కనివ్వను. వాళ్ల సూపర్‌వైజర్ మొదట విసుక్కున్నాడు, ఇప్పుడు వేరే హోటళ్లలో కూడా అలాగే చేస్తున్నామన్నాడు.

మధ్యలో మన పని కూడా ఉంటుంది. ఫిల్టర్లు రోజూ రాత్రి వేడినీళ్లలో కడగాలి, తిరిగి పెట్టేటప్పుడు గాడులు నిలువుగా ఉండేలా పెట్టాలి, అప్పుడే నూనె జారి ట్రేలోకి దిగుతుంది. మా దగ్గర చాలా రోజులు అడ్డంగా పెట్టారు, నూనె గాడుల్లోనే నిలిచిపోయి మళ్లీ కడాయిలోకి బొట్లు పడేవి.

ఇప్పుడు హాల్లో దగ్గులు లేవు, రెండేళ్లుగా బెల్ట్ మార్చలేదు, మాస్టర్ కళ్లు ఎర్రబడి ఇంటికెళ్లడం లేదు. ప్రతిసారీ ఒక్కో డోర్ దగ్గర ముందూ వెనకా ఫోటోలు, మైక్రాన్ల రీడింగులతో రిపోర్ట్ ఇస్తారు. 2024లో సిటీలో ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ తనిఖీలు జోరుగా నడిచినప్పుడు ఆ ఫైల్ నా టేబుల్ మీదే ఉండేది, కాస్త ధైర్యంగా ఉండేది.

నేను వీళ్లని వదలకపోవడానికి అసలు కారణం ఆ రిపోర్ట్‌లో ఒక లైన్. రెండో ఫ్లోర్ దగ్గర డక్ట్ ఒక వంపు తిరుగుతుంది, పక్కింటి గోడకి ఆనుకుని ఉండటంతో అక్కడ డోర్ పెట్టడానికి కుదర్లేదు. "ఈ భాగం చెయ్యలేదు, చేరుకునే దారి లేదు" అని ప్రతిసారీ ఎర్ర ఇంకుతో రాసిస్తారు, చేసేశామని చెప్పి సంతకం పెట్టించుకోవచ్చు, నేను ఎక్కి చూడలేను కూడా. పక్కింటి పెద్దాయన దగ్గరికి మూడుసార్లు వెళ్లా, డక్ట్ చూపించి, మంట విషయం చెప్పి. పోయిన వారం ఒప్పుకున్నారు, వాళ్ల సన్‌షేడ్ మీద నిలబడి పనిచేసుకోమన్నారు. వచ్చే ఆదివారం బాలానగర్ అతను ఏడో డోర్ పెడుతున్నాడు.