పక్కల నల్లగా ఉంటే ఉండనీ: పాత సినిమాలకు హెచ్‌డీ టీవీ, అయిదేళ్ల తర్వాత

2020 దసరా ముందు హన్మకొండలో 43 అంగుళాల ఫోర్‌కే టీవీ (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుండేది) కొన్నాం. ముప్పై వేల పైచిలుకు అయింది. కొన్నది బాపు కోసం, అంటే మా నాన్న కోసం. కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నాడు. వార్తలు, పాత సినిమాలు తప్ప ఇంకేం చూడడు. బిగించడానికి వచ్చిన పిల్లగాడు సెట్టింగులన్నీ ఫుల్లుగా పెట్టి, “ఇగ థియేటరే మేడం” అని పోయిండు. ఆ రాత్రి ‘మిస్సమ్మ’ పెట్టాను. పది నిమిషాలు చూసి బాపు అడిగిన మొదటి మాట: “ఇదేంది బిడ్డా, సావిత్రి మొఖం గింత లావైంది? టాకీసుల చూసినప్పుడు గిట్ల లేకుండె.”

బాపు కళ్లు సరిగానే ఉన్నాయి. 1950ల నాటి మన సినిమాలు దాదాపు చదరంగా ఉండే తెరకోసం తీసినవి. ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. తెలుగులో సినిమాస్కోప్ అనే బాగా వెడల్పాటి తెర వచ్చిందే 1974లో, ‘అల్లూరి సీతారామరాజు’తో. ఇప్పటి టీవీ వెడల్పేమో ఎత్తుకు 1.78 రెట్లు. ఆ చదరపు బొమ్మను అటూ ఇటూ గుంజి తెర నిండా పరిస్తే అందరూ 30 శాతం లావైపోతారు. గుంజకుండా ‘జూమ్’ పెడితే పైనా కిందా తెగుతుంది. పౌరాణికాల్లో ముందు తెగేవి కిరీటాలే. కృష్ణుడి నెమలి పింఛం లేకుండా సినిమా చూడడం ఎట్లాగో నాకు తెలియదు.

కాబట్టి అసలు కొలతలోనే చూడాలి. మా టీవీ తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. అందులో పాత సినిమా 73 మాత్రమే తీసుకుంటుంది, రెండు పక్కలా పదకొండేసి సెంటీమీటర్లు నల్లగా మిగులుతాయి. మా ఆయన వారం రోజులు సణిగాడు, పైసలు పెట్టి కొన్న తెరను ఖాళీగా పెడతావా అని. ఇప్పుడు ఆయనే మా చుట్టాల ఇళ్లకు పోయి రిమోట్ అడిగి మరీ సరిచేస్తున్నాడు.

ఒక చిక్కు ఉంది. రాత్రి లైట్లన్నీ ఆర్పితే ఆ పక్కల నలుపు నలుపుగా ఉండదు, బూడిద రంగులో మెరుస్తుంది. మా ధరలో వచ్చే ఎల్‌ఈడీ టీవీలన్నిటికీ దాదాపు ఇదే జబ్బు. టీవీ వెనక గోడ మీద పడేట్టు చిన్న బల్బు వేసి పెట్టుకున్నాం. కంటికి నలుపు నలుపుగా ఆనుతుంది.

ఇంకో రెండు సెట్టింగుల సంగతి కనుక్కోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒకటి మోషన్. సినిమా సెకనుకు 24 బొమ్మలు. ఈ సెట్టింగు ఆన్‌లో ఉంటే టీవీ మధ్య మధ్యలో లేని బొమ్మలు సొంతంగా పుట్టిస్తుంది. దాంతో అంతా జారుతున్నట్టు, మధ్యాహ్నం సీరియల్ లెక్క కనిపిస్తుంది. ఎస్వీ రంగారావు నడకలో ఉండే బరువు మాయమైపోతుంది. రెండోది నాయిస్ తగ్గించేది. పాత ఫిల్మ్ మీద సన్నగా ఇసుక చల్లినట్టు కదులుతుంటుంది కదా, అది చెత్త కాదు, బొమ్మే ఆ వెండి రేణువులతో ఏర్పడింది. దాన్ని తుడిచేస్తే చర్మం కూడా తుడుచుకుపోయి మొహాలు మైనం బొమ్మలవుతాయి. రెండూ ఆపేశాను, షార్ప్‌నెస్ సున్నాకు దించాను, పిక్చర్‌లో ‘సినిమా’ పెట్టాను. వేలు పోసి కొన్న టీవీ తెలివినంతా ఒక్కొక్కటిగా ఆపుకుంటూ పోతే తప్ప పాత సినిమా బాగుపడలేదు.

బాగుపడ్డాక మాత్రం చెప్పలేనంత. ఇదివరకు మా ఇంట్లో ‘మాయాబజార్’ మూడు వీసీడీలు. 184 నిమిషాల సినిమా మరి. ఘటోత్కచుడు గద ఎత్తేసరికి డిస్కు మార్చాలి. వీసీడీ బొమ్మలో చుక్కలు లక్ష. ఫుల్ హెచ్‌డీలో 20 లక్షల పైన. మంచి ప్రింటు నుంచి తీసిన కాపీ దొరికితే ఆ తేడా నగల మీద, చీర అంచుల మీద, వెనకాల నిలబడ్డ వాళ్ల మొహాల మీద తెలుస్తుంది. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల, నీళ్ల మీద నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్ని మెట్లు ఉన్నాయో నేను మొదటిసారి చూసింది ఈ టీవీలోనే. టీవీ సెట్టింగులు మార్చినప్పుడల్లా ఆ పాటే పెట్టి చూస్తాను. ‘వివాహ భోజనంబు’లో లడ్డూలు వాటంతటవే నోట్లోకి పోయే చోట, దారం కనబడుతదేమోనని బాపు ముక్కు తెరకు ఆనించి మరీ చూశాడు. కనబడలేదు. కనబడనందుకు ఆయనకెంత సంతోషమో.

2010లో వచ్చిన రంగుల ‘మాయాబజార్’ కూడా చూశాం. హైదరాబాద్‌లో గోల్డ్‌స్టోన్ వాళ్లు చేసింది. మా చిన్నోడికి అదే ఇష్టం. తాతా మనవడూ కలిసి కూర్చుంటే రంగుల్లో నడుస్తుంది, బాపు ఒక్కడే ఉంటే నలుపు తెలుపులో. నాకైతే రంగు కన్నా దాన్ని సినిమాస్కోప్ వెడల్పుకు మార్చడమే నచ్చలేదు. పాత జూమ్ కథే అది.

నేను అనుకోనిది ఒకటి చెప్పాలి. హెచ్‌డీలో బాగా నిలబడ్డవి యాభైల నలుపు తెలుపు సినిమాలు. డెబ్బైల రంగు సినిమాలు చాలా వరకు నిరాశపరిచాయి. రంగు ఫిల్మ్‌లో ఉండేవి అద్దకాలు, కాలం గడిస్తే నీలాకుపచ్చ అద్దకం ముందు వెలిసి అంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. నలుపు తెలుపులో ఉండేది వెండి, అట్లా వెలవదు. అందుకే ‘పాతాళ భైరవి’ నిన్న మొన్న తీసినట్టుంటే, దానికన్నా పాతికేళ్లు చిన్న సినిమా జ్వరం వచ్చినట్టు కనిపిస్తుంది. టీవీలో రంగు ఎంత తిప్పినా లాభం లేదు.

ఇక ధ్వని. లోకో షెడ్డులో ఇంజన్ల మోతకు బాపుకు ఎడమ చెవి మందగించింది. టీవీ స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, మాటలు గోడకు తగిలి ముద్దగా వస్తాయి. 2022లో సౌండ్‌బార్ తెచ్చాం. ‘సరౌండ్’ పెడితే ఘంటసాల బావిలోంచి పాడినట్టుంది. పాత సినిమాల ధ్వని మోనో, అంటే అంతా ఒకే ధారగా వచ్చేది, దాన్ని చీల్చి నాలుగు దిక్కులా విసిరితే వచ్చేది బోలుతనమే. సరౌండ్ ఆపి, మాటలు తేటగా వినిపించే మోడ్ పెట్టాక రచయిత పింగళి మాటలు బాపుకు పొల్లు పోకుండా వినబడుతున్నాయి. బ్లూటూత్‌తో కలిపితే పెదవులకూ మాటకూ పొత్తు కుదరలేదు, వైరే మేలు. మళ్లీ కొనాల్సి వస్తే టీవీలో అయిదు వేలు తగ్గించి సౌండ్ మీద పెడతాను. ఆరడుగుల దూరం నుంచి చూసే పాత సినిమాకు ఫోర్‌కే దండగ.

ఆన్‌లైన్‌లో ‘హెచ్‌డీ’ అని రాసినవన్నీ నమ్మకండి. సగం పాత వీసీడీలనే సాగదీసి పెట్టినవి. పోల్చుకోవడం తేలికే. టైటిల్స్‌లో అక్షరాల అంచులు చూడండి. ఎవరైనా చెయ్యి ఊపినప్పుడు అంచున దువ్వెన పళ్లలాంటి గీతలొస్తే అది పాతకాలపు టీవీల కోసం చేసిన కాపీ. పాటలు, పద్యాలు కోసేసినవి కూడా ఉంటాయి. నేను ముందుగా నిడివి చూసుకుంటాను.

మాకు ఎంత వెతికినా మంచి కాపీ దొరకనిది ‘మా భూమి’. 1980లో విడుదలైంది. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన సినిమా. మా దగ్గర ఉన్నది మసకబారిన కాపీ, మధ్యలో చిన్న పెట్టెలా కనిపిస్తుంది, రాత్రి సీన్లలో ఎవరెవరో తెలియదు. మొన్న దసరా సెలవుల్లో బాపు అదే పెట్టమన్నాడు. ‘బండెనక బండి కట్టి’ అని గద్దర్ మొదలుపెట్టేసరికి కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నాడు. బొమ్మ బాగాలేదు కదా బాపూ, ఆపనా అంటే, “ఉండనియ్యి, నాకు కనబడుతున్నది” అన్నాడు.