బ్యాంకాక్‌లో ముప్పై మూడు గజాల ఇల్లు

మా అమ్మాయికి బ్యాంకాక్‌లో ఒక ఆఫీసులో మూడు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. రెండు నెలలు హాస్టల్ గదిలో నూడుల్స్‌తో సరిపెట్టుకుంది. వీడియో కాల్‌లో చూస్తే బుగ్గలు లోపలికి పోయాయి. "ఆఖరి నెల మనమే పోదాం, బిడ్డకు ఇంత అన్నం వండి పెట్టొద్దాం" అని మా ఆవిడ తేల్చేసింది. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఆషాఢంలో మిల్లు పని కాస్త పలుచన. సెలవు అడగ్గానే దొరికింది.

హోటల్ వద్దనుకోవడానికి కారణం ఒక్కటే, పొయ్యి. వెళ్లేదే వండి పెట్టడానికి. అమ్మాయి ఆన్ నట్ అనే పేటలో ఒక ఏజెంటు ద్వారా చిన్న ఫ్లాట్ మాట్లాడింది. నెలకు 15,000 బాట్, మన డబ్బుల్లో 39 వేల దాకా. అడ్వాన్సు ఇంకో 10,000. నాలుగైదు రోజుల కోసం అయితే ఇలాంటి ఫ్లాట్ల జోలికి వెళ్లకండి. హోటల్ లైసెన్సు లేకుండా నెలకన్నా తక్కువ రోజులకు అద్దెకివ్వడం అక్కడ చట్టవిరుద్ధం. మేం దిగిన బిల్డింగ్ లిఫ్టు పక్కనే ఆ మాట పెద్ద బోర్డు మీద రాసి పెట్టారు.

మిర్యాలగూడ నుంచి సాయంత్రం ఆరింటికి కారులో బయల్దేరాం. నాలుగు వేలకు మాట్లాడుకున్నాం, టోలు మాదే. మాడ్గులపల్లి దగ్గర ఒక టోల్‌గేటు, నార్కట్‌పల్లిలో హైవే ఎక్కాక పంతంగి దగ్గర ఇంకొకటి. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే ఊరి ట్రాఫిక్‌తో పనే లేదు, నేరుగా శంషాబాద్. ఆర్టీసీ బస్సులో ఎల్బీ నగర్ దాకా వచ్చి ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు ఎక్కితే ఖర్చు బాగా తగ్గుతుంది. వచ్చేటప్పుడు మేం అలాగే వచ్చాం. కానీ పోయేటప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక పచ్చళ్ల డబ్బా, ఒక కుక్కరు. కారే నయం.

ఎయిర్‌పోర్టులో బ్యాగు స్కాన్ చేశాక మమ్మల్ని పక్కకు పిలిచారు. మా ఆవిడ కారప్పొడి కోసమని ఎండుకొబ్బరి చిప్పలు పెట్టింది. నూనె ఎక్కువ, నిప్పు భయమని చెక్-ఇన్ సామానులో వాటిని పెట్టనివ్వరు. తీసేసుకున్నారు. పచ్చళ్లకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. పవర్ బ్యాంకు కూడా చెక్-ఇన్‌లో పెట్టకూడదు, అది చేతి సంచిలోనే ఉండాలి.

మేం వెళ్లినప్పుడు మన పాస్‌పోర్టు మీద 60 రోజుల దాకా థాయ్‌లాండ్ వీసా అడగలేదు. 2025 మే 1 నుంచి అయితే అందరూ ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపాలి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపొచ్చు, పైసా కట్టనక్కర్లేదు. డబ్బులడిగే వెబ్‌సైటు కనబడితే అది అసలుది కాదని తెలుసుకోండి.

విమానం రాత్రి ఒంటిగంటకు. మూడున్నర గంటల ప్రయాణం, అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందు. కునుకు పట్టేలోపే తెల్లవారి ఆరయింది. ఎయిర్‌పోర్టు పేరు సువర్ణభూమి. బోర్డు చూసి మా ఆవిడ సంబరపడింది కానీ, అక్కడివాళ్లు దాన్ని పలికేది "సువన్నఫూమ్" అని. డబ్బు మార్చుకోవాలంటే బయటికి రాగానే కనిపించే కౌంటర్లు వదిలేసి, రైలు స్టేషన్ ఉండే కింది అంతస్తుకు వెళ్లండి. అక్కడ రేటు బాగుంటుంది. ఏటీఎం జోలికి పోవద్దు. తర్వాత ఒకసారి తీస్తే నాకు 220 బాట్ చార్జీ పడింది.

ఇక్కడ నేను చేసిన పిసినారి పని ఒకటి చెప్పాలి. అమ్మాయి టాక్సీలో రమ్మంది. నేను రైలన్నాను. ఎయిర్‌పోర్టు రైలు మంచిదే, ఫయా థాయ్ దాకా అరగంట లోపు, టికెట్టు 45 బాట్. అక్కడ దిగి బీటీఎస్ అనే మెట్రో ఎక్కాలి. అప్పటికి ఎనిమిది గంటలు, ఆఫీసుల వేళ. సియాం స్టేషన్లో ఎక్కిన జనానికి నా సూట్‌కేసు ఒకవైపు, నేనొకవైపు అయ్యాం. ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. అంత నిశ్శబ్దంలో మా కుక్కరు మూత సంచిలో గలగలమంటుంటే నాకే సిగ్గేసింది. మొత్తం ఇద్దరికీ 184 బాట్. తిరుగు ప్రయాణంలో మీటరు టాక్సీకి అయింది 260. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కితే ఇంకో 50 అదనం. వందా నూటపాతిక బాట్ మిగల్చడానికి నేను చేసిన బేరం అది. బరువు లేనివాళ్లకు రైలు, ఉన్నవాళ్లకు టాక్సీ.

ఫ్లాట్ దగ్గర అసలు తిప్పలు మొదలయ్యాయి. తాళంచెవి కింద ఉత్తరాల డబ్బాలో ఉంటుందని, నంబరు తాళం తిప్పితే వస్తుందని ఏజెంటు చెప్పాడు. ఆ నంబరుతో తాళం రాలేదు. వాట్సాప్ చేస్తే జవాబు లేదు. అక్కడ అందరూ వాడేది లైన్ అనే యాప్, వాట్సాప్ చూసేవాళ్లు తక్కువ. మీరు వెళ్లేముందే ఫోన్లో వేసుకోండి. వాచ్‌మన్‌కు ఇంగ్లీషు రాదు, నాకు థాయ్ రాదు. అయినా రెండు చేతులూ జోడించి దండం పెట్టి, రెండు కుర్చీలు వేసి, చల్లని నీళ్ల సీసాలు చేతిలో పెట్టాడు. రెండు గంటలు అలాగే కూర్చున్నాం. చివరికి అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే తేలిందేమిటంటే, ఏజెంటు పంపింది ఇంకో ఫ్లాటు నంబరు. సారీ అన్నాడు కానీ, అడ్వాన్సు నగదుగా ఇవ్వమని మాత్రం అదే గంటలో రెండుసార్లు గుర్తుచేశాడు.

లోపల 28 చదరపు మీటర్లు. మన లెక్కలో 33 గజాలు. మా ఇంటి వాకిలి ఇంతకన్నా పెద్దది. ఒక మంచం, గోడకు వంటగట్టు, అద్దం తలుపు వెనక బాత్రూం, ఏసీ డబ్బా పోను ఇద్దరు నిలబడేంత బాల్కనీ. ఫొటోలో కిటికీ నుంచి ఈతకొలను కనబడింది. మాకు కనబడింది ఎదుటి బిల్డింగ్ వాళ్ల ఉతికిన బట్టలు. నాకేం ఫర్వాలేదు, నాకు ఈత రాదు. గది మాత్రం శుభ్రంగా ఉంది. చెప్పులు గుమ్మం బయటే విడిచే అలవాటు వాళ్లకూ ఉంది. బాత్రూంలో నీళ్ల పైపు కూడా ఉంది. మనవాళ్లు యూరప్ వెళ్లి ఏడ్చే ఏడుపు ఇక్కడ లేదు.

"పొయ్యేదీ?" అంది మా ఆవిడ. నున్నటి నల్ల అద్దం పలక, ఒకే ఒక్క ఇండక్షన్ పొయ్యి. మిర్యాలగూడ నుంచి మోసుకొచ్చిన మూడు లీటర్ల కుక్కరు దాని మీద పెట్టింది. టీ టీ మని మొత్తుకుని ఆరిపోయింది. ఇంకోసారి పెడితే ఇంకోసారి మొత్తుకుంది. అల్యూమినియం గిన్నె ఇండక్షన్ మీద వేడెక్కదని అప్పుడు తట్టింది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం గిన్నె అడుగున పెట్టి చూడండి, అంటుకుంటేనే పనికొస్తుంది. ఈ సంగతి ఇంట్లో తెలిసుంటే రెండు కిలోల బరువు తప్పేది. "గిదొక్కటి సూసుకోకపోతివి, ముప్పై ఏండ్లు లెక్కలు రాస్తివి" అని ఆమె నన్నంది. కుక్కరు పెట్టింది ఆమే అని నేను అనలేదు. స్టేషన్ పక్కనే లోటస్ అనే పెద్ద సూపర్ మార్కెట్ ఉంది. మూత ఉన్న స్టీలు గిన్నె 399 బాట్‌కు తెచ్చాం. పప్పు ఉడకడానికి ముప్పావు గంట పట్టింది.

బియ్యం విషయంలో నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, మన్నించాలి. ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర చెప్పాలంటే "థాయ్ 5 శాతం నూక" ఎంత అని చూస్తారు. మిల్లు వాళ్లమంతా ఆ మాట వింటూ బతికినవాళ్లమే. నేను తెచ్చింది హోమ్ మాలి, అంటే వాళ్ల మల్లెపూల వాసన బియ్యం. గింజ పొడుగు, మెరుపు, నూక చేతికి తగల్లేదు. వాసన అద్భుతం. కానీ అలవాటుగా ఒకటికి రెండు నీళ్లు పోసింది మా ఆవిడ. ముద్దయి కూర్చుంది. మన దగ్గర ఏడాది మాగిన పాత బియ్యానికి ధర ఎక్కువ. అక్కడ కొత్త పంట అని సంచి మీద రాసి మరీ గొప్పగా అమ్ముతారు, మెత్తదనమే వాళ్లకు ముద్దు. ఒకటికి ఒకటి మీద కాస్త పోస్తే సరిపోయింది. పప్పులోకి బాగుంది. చారు పోస్తే పాకంలా అయింది. పులిహోరకు బొత్తిగా పనికిరాదు. మన సాంబ మసూరి (బీపీటీ 5204) గింజ విడివిడిగా ఉండే సుఖం ఆ నెలంతా నాకు గుర్తొస్తూనే ఉంది.

ఎండుమిర్చి తాలింపు వేసిన మొదటి రాత్రి పక్క ఫ్లాటులో దగ్గులు వినబడ్డాయి. పొయ్యి మీది ఫ్యాను పొగను బయటికి పంపదు, తిప్పి గదిలోకే వదులుతుంది. పైన పొగ పట్టే అలారం వేరే. అప్పటి నుంచి బాల్కనీ తలుపు తెరిచి, తువ్వాలతో విసురుతూ తాలింపు వేశాం. కందిపప్పు, ఇంగువ, కరివేపాకు పాహురాట్ అనే ఇండియా బజారులో దొరికాయి, ఎంఆర్‌టీ అనే ఇంకో మెట్రోలో సామ్ యోట్ స్టేషన్ దగ్గర. మా సందు చివర బండి మీద పచ్చి బొప్పాయిని రోట్లో వేసి, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి దంచిచ్చే సోమ్ తమ్ అచ్చం మన రోటిపచ్చడిలాగే ఉంటుంది. చేపల రసం పోస్తారు, అదే చిక్కు. శనివారం నీచు ముట్టని మా ఆవిడ పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" (నీచు కలవని తిండి) అని రాసిన బండి వెతుక్కుని తినేది.

తాగేనీళ్లు కుళాయివి కావు. వీధిలో పెట్టిన మిషన్లో బాట్ వేస్తే లీటరు వస్తుంది, సీసా మనదే. బట్టలకు కింద నాణేల వాషింగ్ మిషన్, ఒకసారికి 40. వానాకాలం, ఆ బాల్కనీలో ఆరవు.

కరెంటు సంగతి మాత్రం దిగిన రోజే తేల్చుకోవాలి. మాకు యూనిట్ 7 బాట్. సామాను దించకముందే మీటరు ఫొటో తీశాను. మిల్లు అలవాటు అది, తూకం చూడకుండా లారీ లోపలికి రానివ్వం. ఖాళీ చేసే రోజు ఏజెంటు రెండు వందల యాభై యూనిట్లన్నాడు. ఫొటో చూపించాను. 186 అయ్యాయి. 1,302 కరెంటుకు, 100 నీళ్లకు పట్టుకుని మిగతా 8,598 లెక్కపెట్టి ఇచ్చాడు. వాచ్‌మన్‌కు మా ఆవిడ ఒక చిన్న సీసాలో ఆవకాయ ఇచ్చింది. మేం టాక్సీ ఎక్కేలోపే వేలితో నాకి చూసి, కళ్లు తుడుచుకుంటూ దండం పెట్టాడు.